పెండ్లిముందటి వేడుకలును నెచ్చెలుల ఋణమును

(స్త్రీసమాజములయందు చదివి చర్చించుట కుద్దేశింపబడిన పాఠము)

1. విషయము



తూర్పుగా సాగివచ్చు గోదావరీనది చెన్నూరు చెంత దిక్కు మార్చి యుత్తరముగా ప్రవహించును. ఆ భాగమును మనవారు పంచక్రోశోత్తరవాహిని యని పిలిచి, పుష్కరసమయమున దూరదేశములనుండి వచ్చి స్నానము లాచరింతురు. నది త్రోవ మార్చుకొనిన చోటు మనకు పుణ్యస్థలమైనది. ఆచారము త్రోవ మార్చుకొనవలసి వచ్చినప్పుడు మాత్రము మనము జంకుదుము. మార్పు మంచిదైనను చెడ్డదైనను విచారింపక, నలుగురు నడచిన త్రోవనే నడచుచుందుము. ఈ పాఠమునందు విచారింపబోవు విషయ మట్టి మార్పులలో నొకటి.

చెన్నూరు పూర్వ మాదిలాబాదు జిల్లాలోనిది. 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీనుండి మంచిర్యాల జిల్లాలో చేరినది. ఈ ప్రాంతమున పత్తియు వరియు పండించు రైతులు, మందమఱ్ఱి, రామకృష్ణాపురము, శ్రీరాంపురము గనులలో బొగ్గు త్రవ్వు సింగరేణి కార్మికులు, వేసవిలో తునికాకు సేకరించు కూలీలు, అంగళ్లలోను చిన్న బడులలోను స్వల్పజీతములకు పనిచేయు యువతులు గలరు. గని కార్మికునికి నెలజీతము గలదు గాని, రైతునకు పంట చేతికి వచ్చినప్పుడే డబ్బు. వరద వచ్చిన యేడు అదియు లేదు. ఇట్టివారి యిండ్లలో నేడు పెండ్లికి ముందే మెహందీ, సంగీత్, హల్దీ యను పేర్లతో మూడు నాలుగు వేడుకలు జరుగుచున్నవి. వానికి తోడు పెండ్లికూతురి నెచ్చెలులు ప్రత్యేకముగా జరుపు విందొకటి, వధూవరులు నదీతీరమునకో కోటకో పోయి తీయించుకొను ఛాయాచిత్రములును చలనచిత్రములును మఱియొకటి.

వరకట్నమును గూర్చి యనేకులు వ్రాసియున్నారు. పెండ్లి విందును గూర్చియు వ్రాసియున్నారు. పెండ్లికూతురి నెచ్చెలులపై బడుచున్న భారమును గూర్చి వ్రాసినవారు తక్కువ. అది చిన్న విషయమని తలచుటయే యందులకు కారణము. అది చిన్న విషయము గాదని చూపుటయే యీ పాఠమున నా యుద్దేశము.

2. ఒక దృష్టాంతము

వ్యాజ్యమును విచారించునప్పుడు మొదట లెక్క చూడవలెను. కావున నొక దృష్టాంతమును గల్పించుకొందము.

ఆఱుగురు యువతు లొకే కళాశాలలో మూడేండ్లు చదివిరనుకొందము. వారిలో నొకతెకు పెండ్లి కుదిరినది. మిగిలిన యైదుగురిలో నొకతె బట్టల యంగడిలో నెలకు 9,000 రూపాయల జీతమునకు పనిచేయుచున్నది. తండ్రి లేడు, తమ్ముడు చదువుచున్నాడు. నెచ్చెలులందఱును వాట్సాప్‌లో నొక బృందముగా గూడి యిట్లు నిశ్చయించిరి: హల్దీనాడు అందఱు పసుపుపచ్చని దుస్తులు, మెహందీనాడు ఆకుపచ్చని దుస్తులు, సంగీత్‌నాడు లెహంగాలు ధరింపవలెను, అందఱు చేరి యొక బహుమతి కొనవలెను, పెండ్లికూతురికి తెలియకుండ నొక సాయంకాలము హోటలులో విందు చేసి కేకు కోయింపవలెను.

లెక్క యిట్లగును. పసుపుపచ్చని దుస్తులకు 1,500, ఆకుపచ్చనివానికి 2,000, లెహంగాకు 3,500, బహుమతిలో వంతు 3,000, విందులో వంతు 2,500. మొత్తము 12,500 రూపాయలు. ఆమె నెలజీతము 9,000. ఆమెయొద్ద 2,500 రూపాయ లున్నవి. మిగిలిన 10,000 రూపాయలను నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి తెచ్చినది. నెలకు 300 చొప్పున నేడాదికి వడ్డీయే 3,600 అగును, అసలు తీఱలేదు. ఇంతలో రెండవ నెచ్చెలికి పెండ్లి కుదిరినది. మొదటి పెండ్లిలో జరిగిన దానికంటె తక్కువ చేసినచో ఆమె చిన్నబుచ్చుకొనును. మిగిలిన నలుగురి పెండ్లిండ్లకును ఇదే లెక్క వేసిన, ఇంకను 50,000 రూపాయలు గావలెను.

ఈ యువతి చేయదగిన దేమి? రెండు త్రోవలు గలవు. ఋణము చేసి నవ్వుచు ఫోటోలో నిలబడుట యొకటి. జ్వరమని సాకు చెప్పి పోకుండుట రెండవది. నిజము చెప్పుట మూడవ త్రోవయే గాని, దానిని త్రొక్కుట కామెకు సిగ్గు. ఆమె రెండవ త్రోవను త్రొక్కినదనుకొందము. పెండ్లికూతురు "నా పెండ్లికి రాకపోయెను గదా" యని మనసు నొచ్చుకొనును. ఆమె నొవ్వు నిజమైనదే. ఈమె కన్నీరును నిజమైనదే. ఒకరి తప్పును లేదు. అయినను మూడేండ్ల స్నేహము 12,500 రూపాయల లెక్కలో ముగిసినది. ఇందలి అంకెలు కల్పితములు. కాని చదువరులలో ననేకులు తమ యింటిలోనో పొరుగింటిలోనో యీ కథను గుర్తింతురని నా నమ్మకము.

3. పూర్వపు పద్ధతి

పెండ్లికి ముందు స్త్రీలు గూడుట క్రొత్తది గాదు. పసుపు దంచుట, నలుగు పెట్టుట, మైలపోలు తీయుట, కుమ్మరి యింటినుండి ఐరేని కుండలు తెచ్చుట మొదలగునవి తెలంగాణమున నెన్నటినుండియో యున్నవి. అయితే వాని మూలమును పరిశీలించినచో నొక సంగతి స్పష్టమగును. అవి మొదట పనులు, తరువాత వేడుకలైనవి.

వందలమంది భోజనము చేయు పెండ్లికి పసుపు, కారము దంచవలెను. బియ్యము చెఱిగి రాళ్లేఱవలెను. మోదుగాకులతో విస్తళ్లు కుట్టవలెను. పందిరికి మామిడికొమ్మలు, ఇంటికి అలుకు, ముంగిట ముగ్గు గావలెను. ఒక యింటి స్త్రీలవలన నీ పని యంతయు గాదు. కావున ఇరుగుపొరుగువారు, చుట్టములు, నెచ్చెలులు రోకళ్లు పట్టుకొని వచ్చిరి. పని భారము తెలియకుండుటకు పాట పాడిరి. పెండ్లికూతురి యరచేతులకు పెట్టిన గోరింటాకు పెరటిలోని చెట్టునుండి కోసి రోటిలో రుబ్బినదే. దానికి వెల లేదు. నలుగుపిండి యింటిలో విసరినదే. ఇదియే పద్ధతిలో చెన్నూరు బాలికలు భాద్రపదమున బొడ్డెమ్మ నాడిరి. మహాలయామావాస్యనుండి స్త్రీలందఱును బతుకమ్మను పేర్చిరి. తంగేడుపూవునకును గునుగుపూవునకును వెల లేదు. చప్పట్లకును పాటకును వెల లేదు.

ఇందలి సారమును గమనింపుడు. ఆనాడు నెచ్చెలి తెచ్చినది తన చేతి కష్టము. చేతి కష్టమున ధనికురాలును బీదరాలును దాదాపు సమానులు. పేదపిల్ల రోకటిపోటు ధనికుల పిల్ల రోకటిపోటుకంటె తక్కువది గాదు, తఱచుగా మేలైనది. పని కొనబడినప్పుడు స్థితి మాఱినది. పసుపు పొట్లము అంగడినుండి వచ్చినది. విస్తరి యంత్రమునుండి వచ్చినది. గోరింటాకు పెట్టుటకు కూలి తీసికొను నిపుణురాలు వచ్చినది. పాటకు డీజే వచ్చినది. రోకలి పట్టుకొని వచ్చిన నెచ్చెలికి పని లేకపోయినది. పని లేని యతిథి డబ్బు తేవలెను. డబ్బున నందఱు సమానులు గారు. నెచ్చెలుల నడుమ అసమత ప్రవేశించిన ద్వార మిదియే.

4. పూర్వపు పద్ధతిలోని దోషములు

ఇట్లు చెప్పుటచేత పూర్వకాలమంతయు మంచిదని నేను వాదించుచున్నానని తలపవలదు. ఆ రోటిచుట్టు కూర్చున్నవారెవ్వరో అడుగుడు. ముత్తైదువలు మాత్రమే. భర్త పోయిన స్త్రీ, ఆమె పెండ్లికూతురి ప్రాణస్నేహితురాలైనను, కన్నతల్లియైనను, పసుపు తాకరాదు. గదిలో మూల నిలబడి పాట వినవలెను. ఇతరకులముల స్త్రీలు పని చేయవచ్చును గాని పంక్తిలో కూర్చుండరాదు. ఇక పెండ్లికూతురో, తఱచుగా నెనిమిది పదేండ్ల పసిపిల్ల. తనకు నెచ్చెలి యెవ్వరో తా నేరుకొను వయస్సే ఆమెకు రాలేదు. 1929వ సంవత్సరమున బ్రిటిషిండియాలో శారదాచట్టము పుట్టి బాలికల వివాహమునకు కనీసవయస్సు 14 ఏండ్లని విధించెను; నిజాము రాజ్యముననున్న చెన్నూరునకు అది వర్తింపలేదు.

పూర్వాచారము వితంతువును వాకిట నిలిపినది. నూతనాచారము బీదరాలిని వాకిట నిలుపుచున్నది. మొదటి దోషము నింకను పూర్తిగా దిద్దుకొనకమునుపే రెండవదానిని దెచ్చి పెట్టుకొనుచున్నాము. నేటి హల్దీ వేడుకలో దుస్తులు క్రొత్తవి, దీపములు క్రొత్తవి, సంగీతము క్రొత్తది. వితంతువైన పినతల్లి మాత్రము నేటికిని దూరముగనే నిలిచియున్న యిండ్లు గలవు. లక్షలు వెచ్చించి యొక పాత యన్యాయమునైన తొలగింపలేని వేడుకను నాగరకమని యెట్లనవచ్చును?

5. నెచ్చెలిమి యెక్కడనుండి వచ్చెను

నేటి పెండ్లికూతురికి నెచ్చెలులు గలరు. వారు చుట్టములు గారు. ఒక్క కులమువారు గారు. బడిలో ప్రక్క ప్రక్కన కూర్చుండి చదివినవారు. ఈ భాగ్యము తనంతట వచ్చినది గాదు. 1928వ సంవత్సరమున మాడపాటి హనుమంతరావుగారు హైదరాబాదున తెలుగు బాలికల కొఱకు పాఠశాలను స్థాపించినప్పుడు, నిజాము రాజ్యమున తెలుగున చదువుకొనుటకు బాలికలకు త్రోవలు మిక్కిలి తక్కువ. 1930వ సంవత్సరమున జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగా రధ్యక్షులుగా నిజామాంధ్రమహాసభ జరిగినప్పుడు, దానితోపాటు నడింపల్లి సుందరమ్మగా రధ్యక్షురాలుగా మహిళాసభయు జరిగెను. గడప దాటని స్త్రీలు సభలో గూర్చుండి యొకరి మాట నొకరు వినిన కాలమది. ఆ ప్రయత్నముల ఫలముగా మనుమరాండ్రు కళాశాలకు పోయి, తండ్రి యేర్పఱచిన బంధుత్వము గాక తా మేర్పఱచుకొనిన స్నేహమును బొందిరి.

కావున నెచ్చెలిమి స్త్రీవిద్య యిచ్చిన ఫలములలో నొకటి. పురుషునకు పెండ్లియైన తరువాతను మిత్రులుందురు; ఊరు మాఱదు, ఇంటిపేరు మాఱదు. స్త్రీ యత్తవారింటికి పోవును. మాఱిన యూరిలో నామెకు మిగులునది ఫోనులోని రెండు మూడు పేర్లు. ఆ పేర్లలో నొకటి 12,500 రూపాయల సిగ్గుచేత తుడుపుపడినచో నష్టమెంత? దీనికి సమాధానమును ఏడవ ప్రకరణమున చెప్పుదును.

6. వ్యయమేల పెరుగుచున్నది

వ్యయవృద్ధికి గల కారణములను మూడుగా విభజింపవచ్చును.

మొదటిది అనుకరణము. మెహందీయు సంగీతును ఉత్తరదేశపు టాచారములు. 1994వ సంవత్సరమున వెలువడిన "హమ్ ఆప్కే హై కౌన్" వంటి హిందీ చలనచిత్రములు పెండ్లి వేడుకలనే కథగా జేసి దేశమంతట చూపినవి. తరువాత టెలివిజను ధారావాహికలు, తరువాత చేతిలోని ఫోను. పూర్వము పొరుగింటి పెండ్లితోనే పోలిక. నేడు ముంబాయిలోని కోటీశ్వరుని పెండ్లితో చెన్నూరు పెండ్లికి పోలిక.

రెండవది గౌరవప్రదర్శనము. ఫ్రాన్సిస్ బ్లాక్, విజయేంద్ర రావు, సోనాల్డే దేశాయి యను పండితులు కర్ణాటక గ్రామములలో పరిశోధించి 2004వ సంవత్సరమున నొక వ్యాసము ప్రకటించిరి. కూతుు నూరిబయట నున్న గొప్ప యింటి కిచ్చినప్పుడు, ఆ వియ్యంకుల గొప్పతన మూరివారికి కనబడదు గావున, దానిని చాటుటకు వేడుకను పెంచుదురని వారు తేల్చిరి. అనగా వేడుక యొక విధమైన ప్రకటన. పెండ్లికూతురి ఆనందమున కది యవసరము గాదు. చూచువారి కొఱకు జరుగునది. ఫోటోల కొఱకు ఒకే రంగు దుస్తులు ధరించుటయు నట్టిదే. పదిమంది కనులకు కనబడు వ్యయము మాత్రమే ప్రకటనకు పనికివచ్చును. మూల కూర్చుండి విస్తరి కుట్టిన నెచ్చెలి కష్టము ఫోటోలో కనబడదు.

మూడవది ప్రతిఋణము. పెండ్లిలో కట్నములు చదివించునప్పుడు పేరును మొత్తమును పుస్తకమున వ్రాయుదురు. ఆ పుస్తకమును దాచి, వారింట పెండ్లియైనప్పుడు అంతకు తక్కువ గాకుండ నిత్తురు. ఇది బీదకుటుంబముల కొక విధమైన పరస్పరసహాయముగ నుండెను; పెండ్లివాని చేతికి నగదు వచ్చెను. కాని నెచ్చెలుల వేడుకలో వ్యయమైన డబ్బు పెండ్లికూతురి చేతికి రాదు. దుస్తుల యంగడికి, హోటలునకు, ఛాయాచిత్రకారునకు పోవును. ఋణము మాత్రము నిలుచును. సహాయము పోయి బాకీ మిగిలిన విచిత్రమిది.

ప్రభుత్వము చేసిన సహాయమును గూడ విచారింపుడు. తెలంగాణ ప్రభుత్వము 2014వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన కల్యాణలక్ష్మి పథకమును ప్రారంభించి మొదట 51,000 రూపాయలును, 2017లో 75,116 రూపాయలును, 2018లో 1,00,116 రూపాయలును బీదకన్యల వివాహమునకు నిర్ణయించెను. పదునెనిమిదేండ్లు నిండిన వధువునకే యిచ్చుటచేత బాల్యవివాహ నివారణకును అది తోడ్పడునది. కాని లక్ష రూపాయల సహాయమును ఒక్క సంగీత్ సాయంకాలమున దీపములకును వేదికకును వెచ్చించినచో, ఆ కన్యకు మిగిలినదేమి? సహాయమెంత పెరిగినను, వేడుక దానికంటె ముందు నడచినచో బీదరికము తీఱదు.

7. నెచ్చెలి యేమి కొఱకు

ఈ ప్రకరణమును యువతులు శ్రద్ధగా చదువవలెనని ప్రార్థించుచున్నాను. న్యాయస్థానమున స్త్రీల వ్యాజ్యములను చూచినవారి కొక సంగతి తెలియును. పెండ్లికూతురి బహుమతులను గూర్చి తగవు వచ్చినప్పుడు ఫోటోలు వేలకొలది దొరకును. జాబితా యొక్కటియు దొరకదు.

1961వ సంవత్సరపు వరకట్ననిషేధచట్టము ఆ సంవత్సరము జులై 1వ తేదీనుండి యమలులోనికి వచ్చెను. కట్నమిచ్చుటయు పుచ్చుకొనుటయు రెండును నేరములు. అడుగకయే యిచ్చిన కానుకలకు మినహాయింపు గలదు. అయితే వానిని జాబితాలో వ్రాయవలెను. వధువు పక్షమువా రిచ్చునవి ఆచారానుసారములై, ఇచ్చువారి యార్థికస్థితికి మించనివై యుండవలెను. తాహతును మించరాదను నీతిని శాసనమే చెప్పినదని గమనింపుడు. 1985వ సంవత్సరపు నియమముల ప్రకారము ఆ జాబితాలో ప్రతి కానుక వివరము, సుమారు వెల, ఇచ్చినవారి పేరు, బంధువైనచో బంధుత్వము వ్రాసి, వధూవరులిద్దఱును సంతకము చేయవలెను. వధువునకు వచ్చిన కానుకల జాబితా వధువుయొద్దనే యుండవలెను.

పెండ్లి సందడిలో తల్లిదండ్రులకు దీనికి తీఱిక యుండదు. చదువుకొనిన నెచ్చెలి యొక గంట కూర్చుండి యీ జాబితా వ్రాసినచో, అది లెహంగాకంటెను కేకుకంటెను విలువైన కానుక. వివాహమును రిజిస్టరు చేయించుటకు కావలసిన పత్రములను సిద్ధపఱచుట మఱియొక కానుక. పెండ్లికి ముందు ఏకాంతమున "నీ కిష్టమేనా?" యని యడుగుట అన్నిటికంటె పెద్ద కానుక, ఆ ప్రశ్న నడుగు ధైర్యము నెచ్చెలికే యుండును, ఆ ప్రశ్నకు నిజము చెప్పు చనువు నెచ్చెలియొద్దనే యుండును.

పెండ్లియైన తరువాత నేమి? 2005వ సంవత్సరపు గృహహింసనుండి స్త్రీల రక్షణచట్టము నాలుగవ విభాగము చూడుడు. హింస జరిగినదనిగాని, జరుగుచున్నదనిగాని, జరుగవచ్చుననిగాని నమ్ముటకు కారణముగల యెవ్వరైనను రక్షణాధికారికి తెలుపవచ్చును. సద్బుద్ధితో తెలిపినవారిపై సివిలుగాగాని క్రిమినలుగాగాని బాధ్యత యుండదు. బంధువే కానక్కఱలేదు, నెచ్చెలి చాలును. 181 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును. బాధితులకు వైద్యమును న్యాయసలహాను వసతిని ఒక్కచోట నొసగుటకు 2015వ సంవత్సరమునుండి కేంద్రప్రభుత్వము నెలకొల్పిన కేంద్రములకు "సఖి" యని పేరు పెట్టిరి. ఆ పేరు తగినదే. ఆపదలో స్త్రీకి మొదట గుర్తుకువచ్చునది సఖియే గదా.

ఇప్పుడు మొదటి దృష్టాంతమునకు మరలుదము. జ్వరమని సాకు చెప్పి రానియువతి, ఆ పెండ్లికూతురికి అత్తవారింట కష్టము వచ్చిననాడు ఫోనెత్తవలసినది. పెండ్లికూతురు ఆమెకు ఫోను చేయునా? "నా పెండ్లికే రానిది" యని యూరకుండును. ఈమెయు "నేను పోలేదు గదా, ఏ ముఖముతో పలుకరింతును" అని యూరకుండును. వేడుక యొక్క నిజమైన వెల యిదియే. అది యే యంగడి రసీదులోను కనబడదు.

8. శాసనము చాలునా

శాసనము చేసి వేడుకలను తగ్గింపవచ్చునని కొందఱందురు. లోకచరిత్ర యేమి చెప్పుచున్నదో చూతము. క్రీస్తుపూర్వము 215లో రోమునగరమున ఒప్పియసు చట్టము పుట్టి, స్త్రీలు అర ఔన్సుకంటె నెక్కువ బంగారము ధరింపరాదని విధించెను. క్రీస్తుపూర్వము 195లో స్త్రీలు వీధులలోనికి వచ్చి, కేటో యెంత వాదించినను వినక, దానిని రద్దు చేయించిరి. పాకిస్తానమున 1997లో పెండ్లివిందులను నిషేధించి పానీయములను మాత్రమే యనుమతించు చట్టము వచ్చెను. తరువాత పంజాబు ప్రాంతమున ఒక్క వంటకమునకు సడలింపవలసి వచ్చెను. తజికిస్తానమున 2007లో అతిథుల సంఖ్యను 150కి పరిమితము చేసిరి. మన లోకసభలో రంజీత్ రంజన్‌గారు, 5 లక్షలు మించి వ్యయము చేయువారు అందు నూటికి పదివంతులు బీదకన్యల వివాహనిధి కొసగవలెనని బిల్లు తెచ్చిరి. అది చట్టము గాలేదు.

2024వ సంవత్సరము ఏప్రిలులో సుప్రీముకోర్టున న్యాయమూర్తులు బి.వి. నాగరత్నగారును ఆగస్టీన్ జార్జి మసీహుగారును ఒక తీర్పులో, హిందూవివాహము ఆటపాటలకును విందులకును కట్నకానుకలకును జరుగు సంబరము గాదనియు, అది యొక గంభీరమైన బంధమనియు చెప్పిరి. న్యాయమూర్తుల మాట మనసునకు త్రోవ చూపును. చేతిని పట్టి ఆపదు. ఇంటిలోపలి వేడుకను పోలీసువారు కొలువజాలరు. కొలుచుటయు మంచిది గాదు. ఈ వ్యాధికి మందు నెచ్చెలుల చేతిలోనే యున్నది.

9. ఆక్షేపణములు

"జీవితమున నొక్కసారి వచ్చు పండుగ, దానిలోనైన సంతోషింపనీయరా?" అందురు. సంతోషింపవలదని యెవ్వరనిరి? పాటకును నవ్వునకును వెల లేదని పైననే చెప్పితిని. మఱియు పెండ్లికూతురికి అది యొక్కసారియే, నెచ్చెలికి అయిదుసార్లు.

"పురుషుల కట్నము లక్షలు, వారి తాగుడు విందులు వేలు. స్త్రీల చిన్న వేడుకలమీద పడనేల?" అందురు. ఇది న్యాయమైన ఆక్షేపణము. కట్నము నేరము, దానితో నీ వేడుకలను సమానముగ చూడరాదు. యువకులు పెండ్లిముందు జరుపు తాగుడు విందు ధనమును ఆరోగ్యమును రెండింటిని చెఱచును. వారికిని ఈ పాఠము వర్తించును. అయితే పురుషుల తప్పు పెద్దదగుటచేత స్త్రీల ఋణము చిన్నది గాదు. అయిదువందలు జీతములో మిగుల్చుకొనజాలని యువతికి పదివేల ఋణము కొండయే.

"ఛాయాచిత్రకారులు, గోరింటాకు పెట్టువారు, వంటవారు దీనిచేతనే బ్రతుకుచున్నారు" అందురు. నిజమే. వారిని పిలువవలదని నేననను. తాహతు గలవారు పిలుచుకొనవచ్చును. లేనివారు వడ్డీకి తెచ్చి పిలువవలదు. ఒకరి బ్రతుకుదెరువు మఱియొకరి యప్పుమీద నిలువరాదు.

10. చేయదగినవి

ఒకటి: పెండ్లికూతురే మొదట నోరు తెఱవవలెను. బీదనెచ్చెలి నోరు తెఱచుట కష్టము, పెండ్లికూతురికి సులభము. "మీరు రండు, చేతులూపుకొని రండు, ఉన్న చీరయే కట్టుకొని రండు" అని యామె యొక్క మాట బృందములో వ్రాసినచో సగము భారము తొలగును.

రెండు: నెచ్చెలులందఱు వంతులు వేసికొనునప్పుడు, అందఱికంటె తక్కువ రాబడి గలదాని శక్తినిబట్టి మొత్తము నిర్ణయింపవలెను. ఎవ్వ రెంత యిచ్చిరో పెండ్లికూతురికి తెలియనీయరాదు.

మూడు: వేడుకలలో నొకదానినైన మరల పనిగా మార్చుకొనుడు. ఒక సాయంకాలము కూడి గోరింటాకు రుబ్బుడు, పూలదండలు గ్రుచ్చుడు, జాబితా వ్రాయుడు. చేయుటకు పని యున్నచోట సిగ్గునకు తావుండదు.

నాలుగు: పెండ్లికూతురికి పసుపు పెట్టు పంక్తిలో వితంతువులను గూడ కూర్చుండబెట్టుడు. దీనికి రూపాయి ఖర్చు లేదు. ధైర్యము మాత్రమే కావలెను.

ఐదు: స్త్రీల పొదుపు సంఘములలో వేడుక దుస్తుల కొఱకు ఋణము తీయరాదని సభ్యురాండ్రే తీర్మానించుకొనుడు. సంఘపు ధనము గేదెకును కుట్టుమిషనుకును చదువునకును ఉన్నది.

11. ముగింపు

1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీ రాత్రి రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగముగారి యింట మొదటి వితంతువివాహము జరిగెను. ఊరు వెలి వేసినది. వంటవారు రామనిరి; నీళ్లు మోయువారు రామనిరి. అప్పుడు వీరేశలింగముగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు బిందె చంకనెత్తుకొని గోదావరికి పోయి తానే నీరు తెచ్చి, తానే వంట చేసి, ఆ పెండ్లి జరిపించిరి. ఆ వధువు ఆమెకు చుట్టము గాదు. ఆ బిందె నీటికి లెక్కపుస్తకమున వెల లేదు. అయినను ఆంధ్రదేశమున నొక పెండ్లికి స్త్రీ స్త్రీకి చేసిన సహాయములలో అంతకు మించినది నేనెఱుగను.

ఆ గోదావరియే చెన్నూరు చెంత నుత్తరముగా తిరిగి, మరల తన త్రోవ బట్టి, రాజమహేంద్రవరము మీదుగా సముద్రమున కలియును. చెన్నూరు యువతులారా, మీ నెచ్చెలి పెండ్లికి మీరు తేదగినది మీ యొడ్డుననే యున్నది. ఒక బిందె నీరు, ఒక గంట కష్టము, ఒక నిజమైన మాట. వీనిని దెచ్చుటకు సిగ్గుపడవలదు. వీనిని దెచ్చినదానిని తక్కువగా చూడవలదు.

ఆలోచింపవలసిన ప్రశ్నలు

1. మీ యింటిలో గాని, మీ నెచ్చెలుల యిండ్లలో గాని జరిగిన యొక పెండ్లి లెక్కను దీసికొని, పెండ్లికూతురి చేతికి వచ్చిన దెంత, అంగళ్లకు పోయిన దెంత, వేఱుగా వ్రాయుడు.

2. డబ్బు లేక మీరు పోకుండిన పెండ్లి యేదైన గలదా? అప్పుడు చెప్పిన సాకేమి? నిజము చెప్పియున్నచో నేమి జరిగియుండును?

3. మీ పెండ్లికి రానిదానిమీద నలిగియున్నారా? ఆమె రాకపోవుటకు గల కారణ మెన్నడైన విచారించితిరా?

4. కానుకల జాబితా యెట్లుండవలెనో ఏడవ ప్రకరణము చూచి యొకటి వ్రాసి చూడుడు.

5. మీ యూరిలో పసుపు దంచు పంక్తిలో వితంతువులు కూర్చుండుదురా? లేనిచో, మొదట ఎవరింట కూర్చుండబెట్టగలరు?